విల్లూ – దూరమూ – చట్టమూ

ఇంగ్లండు చరిత్రను మనం చాలాకాలం ఇంగ్లీషువాడు చెప్పినట్టే చదువుకున్నాం. ఆ చరిత్రలో నిడుపాటి యుద్ధవిల్లుకు గొప్ప స్థానం వుంది. 1346లో క్రెసీ వద్ద, 1356లో పాయిటీర్స్ వద్ద, 1415లో అజిన్‌కోర్ట్ వద్ద సామాన్యుడైన ఇంగ్లీషు రైతు నేల మీద నిలబడి, ఇనుప కవచాలు తొడిగిన ఫ్రెంచి ప్రభువుల దళాలను తన బాణాలతో కూల్చాడనీ, స్వేచ్ఛాప్రియుడైన ఆ రైతుకూ అతని రాజుకూ మధ్యనున్న సామరస్యమే ఆ విజయాలకు మూలమనీ ఈ కథ సారాంశం. విల్లు గొప్పదనం నిజమే. విలుకాడి నేర్పూ నిజమే. సామరస్యం సంగతే పరిశీలించవలసి వుంది.

విల్లును గురించి రాసేవారు సాధారణంగా మొదట వేసే ప్రశ్న, అది ఎంత దూరం వేస్తుందని. దానికి జవాబు కొలతగొలుసుతో దొరుకుతుంది. కాని దాని వెనక మరో ప్రశ్న వుంది. ఎంత దూరం వెయ్యాలో ఎవరు నిర్ణయించారు? ఎవరి ప్రయోజనం కోసం నిర్ణయించారు? దీనికి జవాబు చట్టాల పుస్తకంలో వెదకాలి.

నెల్లూరు తీరాన ముత్తుకూరులో కూర్చుని మధ్యయుగపు ఇంగ్లండు విల్లు గురించి రాయటం దేనికని పాఠకులు అడగవచ్చు. విల్లు పట్టని రైతుకు తన దేశంలో జరిమానా వేసిన ఆ రాజ్యమే, 1878లో మన దేశానికి చేసిన ఆయుధాల చట్టంలో విల్లునూ బాణాన్నీ పేరు పెట్టి చేర్చింది. ఈ రెండు శాసనాలనూ పక్కపక్కన పెట్టి చదవటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పనిముట్టు – శ్రమ

1545లో పోర్ట్స్‌మత్ రేవు దగ్గర మునిగిపోయిన ‘మేరీ రోజ్’ అనే యుద్ధనౌకను 1982లో పైకి తీశారు. అందులో చెక్కుచెదరని విళ్ళు 137, బాణాలు మూడున్నర వేలకు పైగా దొరికాయి. అంతవరకూ ఊహలతో నడిచిన చర్చకు అప్పుడు గట్టి ఆధారం లభించింది. ఈ విళ్ళు ఆరడుగులకు పైబడిన పొడవు గలవి. ‘యూ’ అనే చెట్టు కర్రతో చేసినవి. ఆ కర్రలో చేవ లోపలివైపుకూ, బెరడు కిందనుండే లేతచెక్క బయటివైపుకూ వచ్చేటట్టు చెక్కుతారు. నారి లాగినప్పుడు లేతచెక్క సాగుతుంది, చేవ నొక్కుడును భరిస్తుంది. రెండు గుణాలూ ఒకే కర్రలో వుండటమే దాని బలం.

ఈ విళ్ళను పూర్తిగా లాగటానికి నూరు మొదలు నూట ఎనభై పౌన్ల దాకా బలం కావాలని లెక్క కట్టారు. నేటి పోటీలలో క్రీడాకారులు పట్టే విళ్ళకు అరవై పౌన్లు దాటటం అరుదు. అంటే పడుచువాడు ఒకనాడు సరదాపడి విల్లందుకుని సైనికుడు కాలేడు. ఏడేళ్ళ వయస్సు నుంచి ఏటేటా విల్లు బలం పెంచుకుంటూ పోవాలి. ఆ ఓడలో దొరికిన అస్థిపంజరాలలో పలువురికి భుజం ఎముక కొన పూర్తిగా అతుక్కోకుండా మిగిలిపోయి వుంది. చిన్ననాటి నుంచి బరువైన విల్లు లాగటమే దీనికి కారణం కావచ్చునని పరిశోధకుల అభిప్రాయం. రాజుల విజయాలు శిలాశాసనాల మీద వుంటాయి. విలుకాడి శ్రమ అతని ఎముక మీద వుంది.

ఇంగ్లండు విల్లు అనే మాటలో కూడా కొంత గారడీ వుంది. దానికి కావలసిన మేలిరకం కర్ర ఇంగ్లండులో చాలలేదు. 1472లో చేసిన చట్టం ప్రకారం విదేశీ సరుకు తెచ్చే వర్తకుడు టన్నుకు నాలుగు విల్లుకర్రల చొప్పున తెచ్చి తీరాలి. 1484లో మరో చట్టం, తీపిసారా పీపా ఒక్కింటికి పది కర్రలు తెమ్మన్నది. ఆల్ప్స్ పర్వతాల అడవులలో ‘యూ’ చెట్లు నరికి, మోసి, పడవలకెక్కించిన కూలీల పేర్లు ఏ యుద్ధగాథలోనూ రావు.

ఇక దూరం. మేరీ రోజ్ విల్లుకు నకలుగా, 150 పౌన్ల బలంతో చేసిన విల్లుతో ఈ కాలంలో పరీక్షలు జరిపారు. సుమారు 54 గ్రాముల తేలికబాణం 328 మీటర్లు పోయింది. 96 గ్రాముల బరువుబాణం 250 మీటర్ల దగ్గర ఆగింది. విల్లొకటే, లాగిన మనిషీ ఒకడే. బాణం బరువు మారేసరికి డెబ్బై ఎనిమిది మీటర్ల తేడా వచ్చింది. కనుక బాణం బరువు చెప్పకుండా దూరం ఒక్కటే చెప్పటం అర్థం లేని పని. తేలికబాణం దూరం పోతుంది గాని కవచాన్ని ఏమీ చెయ్యలేదు. నేడు ఇంగ్లండులో యుద్ధవిల్లు అభిమానులు దూరపు పోటీలు పెట్టుకునేటప్పుడు బాణానికి బరువూ కొలతా ముందుగా నిర్ణయించుకోవటానికి కారణం ఇదే. ఈ సంగతి పదహారవ శతాబ్దపు రాజుకు కూడా బాగా తెలుసు.

రాజు గీసిన గీత

1285 నాటి వించెస్టర్ శాసనం ఎవరి ఆస్తికి తగిన ఆయుధం వారి ఇంట వుండాలని నిర్ణయించింది. భూమీ సొత్తూ గలవాడికి గుర్రమూ కవచమూ. అట్టడుగువాడికి విల్లూ బాణాలూ. అందులోనే మరో మెలిక: రాజుగారి అడవికి వెలుపల వుండేవారికి బాణాలు, అడవి లోపల వుండేవారికి వేరు రకం మొద్దు బాణాలు. మనిషిని చంపటం నేర్చుకోవచ్చు, రాజుగారి లేడిని మాత్రం ముట్టరాదు.

1363లో మూడవ ఎడ్వర్డు, ఆరోగ్యవంతుడైన ప్రతి పురుషుడూ పండుగ దినాల్లో విల్లు సాధన చెయ్యాలనీ, బంతాట, కోడిపందెం వంటివి మానాలనీ, మానకపోతే ఖైదనీ ఉత్తరువు చేశాడు. ఆరు రోజులు ప్రభువు పొలంలోనూ తన చెక్కలోనూ వెన్ను విరిగేలా పనిచేసినవాడికి మిగిలేది ఆ ఒక్క రోజే. ఆ రోజునూ రాజ్యం తీసుకుంది, కూలి లేకుండా. విల్లు కొనేది రైతు కుటుంబం. పిల్లవాడికి నేర్పేది తండ్రి. యుద్ధం వచ్చిన తరువాతే రాజు జీతమిస్తాడు. సైనికుణ్ణి తయారుచేసే ఖర్చంతా పేదవాడి నెత్తిన వేసి, తయారైన సైనికుణ్ణి మాత్రం అద్దెకు తీసుకోవటం – ఇదీ ఆ సామరస్యం వెనకనున్న ఆర్థికసూత్రం.

1541లో ఎనిమిదవ హెన్రీ చేసిన చట్టం వీటన్నిటికీ శిఖరం. ఏడేళ్ళు మొదలు పదిహేడేళ్ళ లోపు ప్రతి మగపిల్లవాడికీ తండ్రి గాని యజమాని గాని ఒక విల్లూ రెండు బాణాలూ ఇవ్వాలి. పదిహేడు నుంచి అరవై వరకు ప్రతివాడూ విల్లూ నాలుగు బాణాలూ వుంచుకోవాలి. ఇరవైనాలుగేళ్ళు దాటినవాడు తేలికబాణంతో 220 గజాలు గాని, అంతకు తక్కువ గాని దూరమున్న గురి మీద వెయ్యరాదు. వేస్తే ఒక్కొక్క బాణానికి ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీల జరిమానా. 1415లో ఫ్రాన్సుకు పోయిన విలుకాడికి రోజు జీతం ఆరు పెన్నీలు. ఆ లెక్కన ఒక్క బాణం తప్పుకు పదమూడు రోజుల జీతం పోతుంది.

ఈ నిబంధనను చాలామంది, 220 గజాలకు తక్కువ దూరం వెయ్యకూడదన్నారని మాత్రమే చెప్పి వదిలేస్తారు. అందులోని తేలికబాణం మాట వదలకూడదు. తేలికబాణంతో దగ్గర గురి కొట్టటం ఆట. ఆటలో నేర్పు పెరుగుతుంది గాని కండ పెరగదు. రాజుకు కావలసింది కండ. దగ్గరగా వెయ్యదలిస్తే యుద్ధంలో వాడే బరువుబాణంతో వెయ్యి, లేదా దూరం పో అన్నాడు. దూరపు నిబంధన అంటే శ్రమను కొలిచే గజంబద్ద అన్నమాట.

220 గజాలంటే సరిగా ఒక ఫర్లాంగు. మన తాతలు రోడ్డు కొలతకు వాడిన ఫర్లాంగే ఇది. ఆ ఇంగ్లీషు మాటకు మూలార్థం నాగటి చాలు పొడవు. ఊరి ఉమ్మడి పొలంలో ఎడ్లు ఒక్క ఊపున దున్నే దూరం అది. రైతుకు రాజ్యం గీసిన యుద్ధరేఖా, అతని నాగలి గీసిన చాలూ ఒకే పొడవు కావటం కాకతాళీయం కావచ్చు. కాని ఆరు రోజులు ఆ పొడవున నాగలి తోలినవాడే ఏడవనాడు ఆ పొడవున బాణం వేశాడన్నది మాత్రం కాకతాళీయం కాదు.

ఇదే చట్టంలో వర్గం ఎంత నిర్మొహమాటంగా కనిపిస్తుందో చూడండి. పదిహేడేళ్ళ లోపు కుర్రవాడు ‘యూ’ కర్ర విల్లు పట్టాలంటే తల్లిదండ్రులకు ఏటా పది పౌన్ల రాబడి గల భూమి అయినా వుండాలి, అతనికి నలభై మార్కుల సొత్తయినా వుండాలి. తక్కినవారి బిడ్డలకు నాసికర్ర చాలు. పరదేశీయులు అనుమతి లేకుండా ఆ దేశంలో నిడుపాటి విల్లు వాడరాదు. ఏకలవ్యుడి బొటనవేలు కథ వింటూ పెరిగిన మనకు ఇటువంటి నిబంధన కొత్తది కాదు. విద్య అందరిదీ అంటారు, మంచి విల్లు మాత్రం కొందరిదే.

వంగిన విళ్ళు

ప్రజల చేతికి ఆయుధమిచ్చిన ప్రభువుకు కంటినిండా నిద్ర వుండదు. 1348–49 మహామారిలో జనం చచ్చి, కూలివాళ్ళు కరువై, కూలిరేట్లు పెరగగా 1351లో వాటిని పాత మట్టానికి కట్టిపడేస్తూ చట్టం చేశారు. ఫ్రాన్సు యుద్ధం ఖర్చుకు తలపన్ను వేశారు. 1381లో ఎసెక్స్, కెంట్ రైతులు తిరగబడ్డారు. వాట్ టైలర్ నాయకుడు. జాన్ బాల్ అనే బీదపూజారి వారి ఉపదేశకుడు. చట్టం పుణ్యమా అని నేర్చుకున్న విల్లే వారి చేతిలో వుంది.

జూన్ 15న లండనులో స్మిత్‌ఫీల్డ్ మైదానాన వారికీ రాజుకూ మధ్య సంప్రదింపులు జరిగాయి. రాజు పరివారం టైలర్‌ను కత్తితో పొడిచింది. అవతల నిలబడిన రైతులు అది చూసి విళ్ళు ఎక్కుపెట్టారని ఆనాటి చరిత్రలేఖకులు రాశారు. చిన్ననాటి నుంచి విల్లు సాధన చేసినవారికి ఆ దూరం ఒక లెక్క కాదు. అప్పుడు పద్నాలుగేళ్ళ రాజు రెండవ రిచర్డు గుర్రం ముందుకు నడిపి, మీ నాయకుణ్ణి నేనే, నా వెంట రండన్నాడు. విళ్ళు దిగాయి. రైతులు చెదిరిపోయారు. ఆ పైన వాగ్దానాలు రద్దయ్యాయి, జాన్ బాల్‌ను ఉరితీశారు.

ఈ ఘట్టంలో మనకు పెద్ద పాఠం వుంది. ఆ రైతులకు ఆయుధం లోపించలేదు, నేర్పు లోపించలేదు. చెడ్డవాళ్ళు మంత్రులే గాని రాజు మంచివాడన్న భ్రమ మాత్రం మిగిలివుంది. విల్లే స్వేచ్ఛనిస్తుందని చెప్పే కథకు స్మిత్‌ఫీల్డ్ కంటే గట్టి ఖండన అక్కర్లేదు. అంతేకాదు, అదే విల్లు పట్టిన ఇంగ్లీషు రైతు ఫ్రాన్సు గడ్డ మీద అక్కడి రైతుల కొంపలు తగలబెట్టాడు. 1358లో ఫ్రెంచి రైతులు తమ ప్రభువుల మీద తిరగబడటానికి ఆ విధ్వంసం కూడా ఒక కారణం. ఎవరి పక్షాన నిలబడాలో విల్లు చెప్పదు.

ప్రభువులు మాత్రం పాఠం త్వరగానే నేర్చుకున్నారు. 1388లో, తిరుగుబాటు జరిగిన ఏడేళ్ళకు, సేద్యపు పాలేర్లూ కూలీలూ కత్తీ డాలూ పట్టరాదనీ, ఆదివారాలలో విల్లు మాత్రమే సాధన చెయ్యాలనీ శాసించారు. 1390లో, ఏటా నలభై షిల్లింగుల రాబడి గల భూమి లేనివాడు వేటకుక్కనూ వలనూ వుంచుకోరాదన్నారు. వేట నెపంతో పేదలు ఒకచోట చేరి కుట్రలు పన్నుతున్నారని ఆ చట్టం పీఠికలోనే చెప్పుకున్నారు. విల్లు వుండాలి, కాని వేట వుండకూడదు. సాధన వుండాలి, కాని సమావేశం వుండకూడదు.

1549లో నార్‌ఫక్ రైతులు రాబర్ట్ కెట్ నాయకత్వాన, ఉమ్మడి భూముల చుట్టూ దొరలు వేసిన కంచెలు పీకి నారిచ్ పట్టణాన్ని స్వాధీనం చేసుకున్నారు. 1541 చట్టం వయస్సు అప్పటికి ఎనిమిదేళ్ళు. వారినణచటానికి ప్రభుత్వం తెచ్చిన సేనలో తుపాకులు పట్టిన జర్మను కిరాయి సైనికులు కూడా వున్నారు. విల్లు రోజులు దగ్గరపడ్డాయి. 1595లో ప్రీవీ కౌన్సిలు సేనలలో విళ్ళు తీసి తుపాకులివ్వమని ఆజ్ఞాపించింది.

దొరల ఆటస్థలం

తరువాత జరిగిందేమిటి? 1671 నాటి వేటచట్టం ఏటా నూరు పౌన్ల రాబడి గల సొంతభూమి లేనివారి ఇళ్ళలో తుపాకులూ విళ్ళూ వేటకుక్కలూ వుండరాదన్నది. చదివినవారు ఒక్క క్షణం ఆగాలి. 1541లో విల్లు లేనివాడు నేరస్థుడు. 1671లో విల్లున్నవాడు నేరస్థుడు. ఆ రైతు అదే, ఆ ఊరు అదే. మధ్యలో మారింది ఒక్కటే: ప్రభువుకు అతని భుజంతో అవసరం తీరిపోయింది.

ఇక నూరేళ్ళకు ఆ విల్లు పెద్దమనుషుల చేతిలో తేలింది. 1781లో సర్ ఆష్టన్ లీవర్ లండనులో టాక్సఫిలైట్ సొసైటీ స్థాపించాడు. వేల్స్ యువరాజు దానికి పోషకుడయ్యాడు. గురి దూరాలు నూరు, ఎనభై, అరవై గజాలుగా నిర్ణయమైంది ఆయన పేరు మీదనే. 1844లో యార్క్‌లో నిర్ణయించిన పోటీలోనూ ఈ మూడు దూరాలే: నూరు గజాలకు 72 బాణాలు, ఎనభైకి 48, అరవైకి 24. రాజ్యం కోసం ఎముకలు అరగదీసుకున్నవాడి గీత 220 గజాలు. పచ్చికబయలులో సాయంకాలం పొద్దుపుచ్చే దొరగారి గీత నూరు గజాలు. పార్లమెంటు చట్టాలతో ఉమ్మడి భూములకు కంచెలు పడి, చిన్నరైతు కార్ఖానా కూలీ అయిపోయిన రోజులూ అవే.

మన గడ్డ మీద

ఈ రాజ్యమే ఓడలెక్కి మన తీరానికి వచ్చింది. 1878 ఆయుధాల చట్టం నిర్వచనంలో తుపాకులు, కత్తులు, బల్లేలతోపాటు విళ్ళూ బాణాలూ కనిపిస్తాయి. ఫిరంగి కూడా ఆ జాబితాలోనే వుంది. ఎవరిని మినహాయించాలో, ఏ ప్రాంతాన్ని మినహాయించాలో ప్రభుత్వం తన ఇష్టానికే వుంచుకుంది. తెల్లవారికి మినహాయింపు వుండేది. పరదేశీయుడు విల్లు పట్టరాదన్నాడు హెన్రీ తన దేశంలో. అతని వారసులు మన దేశానికి తామే పరదేశీయులై వచ్చి, స్వదేశీయుడు విల్లు పట్టాలంటే తమ దయ వుండాలన్నారు.

1882 మద్రాసు అటవీ చట్టంతో రక్షిత అడవులలో వేట, చేపలు పట్టటం, ఉచ్చులు పెట్టటం నిబంధనల కిందికి వచ్చాయి. వించెస్టర్ శాసనంలోని రాజుగారి అడవి ఆరువందల ఏళ్ళకు మన కొండల మీద మొలిచింది. నల్లమల చెంచు చేతి వెదురువిల్లు ఫర్లాంగు దూరానికి చేసింది కాదు. చెట్ల మధ్య చూపు ఆనేంత దూరమే దాని గీత. ఆ గీతను ఏ రాజూ గీయలేదు, అడవీ ఆకలీ గీశాయి. హైమెండార్ఫ్ చెంచుల మీద 1943లో ప్రకటించిన గ్రంథం నాటికే ఆ జీవితం కుదించుకుపోతున్నది.

గూడెం, రంప కొండలలో 1879లోనూ, అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922–24లోనూ గిరిజనులు తిరగబడ్డారు. వారి విళ్ళను గురించి పాటలు కట్టటం సులభం. కాని 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి రాజు పట్టుకుపోయింది తుపాకులు. విల్లుకున్న దూరం తుపాకీకి చాలదని విల్లు పట్టినవారికే అందరికంటే బాగా తెలుసు. ఆయుధాన్ని పూజించటం మన పని. దాని హద్దు తెలుసుకోవటం పోరాడేవాడి పని.

ఇక మా ముత్తుకూరు తీరం. కృష్ణపట్నం ఉప్పుటేటి పాయలలో చేపలు పట్టుకుంటూ, రైతుల పొలాలకు కాపలా కాస్తూ, ఎలుకల బొరియలకు పొగ పెట్టి పంట కాపాడుతూ బతికినవారు యానాదులు. వారి చేతిలో వున్నది వలా, గంపా, పొగకుండా. అయినా నేరస్థ తెగల చట్టం వారిలో కొందరినీ వదలలేదు. 1871లో ఉత్తరాదిన పుట్టి, 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చిన ఈ చట్టం కింద ఎరుకలవారూ, మరెన్నో జాతులూ పోలీసు ఠాణాలో హాజరు వేయించుకోవలసి వచ్చింది. విల్లులో భయపడవలసినదేదో వుందని దొర అనుకుంటే కొంత అర్థముంది. వలలోనూ గంపలోనూ భయపడవలసినదేముంది? 1390 చట్టం పీఠిక తిరగేస్తే జవాబు దొరుకుతుంది. పాలకుడు భయపడింది పనిముట్టుకు కాదు, ఎవరి అదుపూ లేకుండా తిండి సంపాదించుకుని తిరిగే మనిషికి. నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల పక్షాన నిలిచి ఏళ్ళ తరబడి ఈ చట్టం మీద పోరాడాడు. మద్రాసు రాష్ట్రంలో అది 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది.

నేటి గీతలు

1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో ఆయుధమనే మాటకిచ్చిన నిర్వచనం చదివితే, అందులో తుపాకులూ పేలుడుపదార్థాలతోపాటు విళ్ళు, బాణాలు, వలలు, ఉచ్చులు కనిపిస్తాయి. అడవినీ జంతువునూ కాపాడటం అవసరమే, అందులో వాదం లేదు. కాని పులిచర్మం అమ్ముకునే ముఠా తుపాకీనీ చెంచు వెదురువిల్లునూ ఒకే వరసలో రాసినప్పుడు, ఆ వరస ఎక్కడినుంచి వచ్చిందో విద్యార్థి అడిగి తీరాలి. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుల హక్కులనెన్నిటినో ఒప్పుకుంది, వేట హక్కును మాత్రం వదిలేసింది.

మరోవైపు విల్లు మైదానంలో కీర్తి తెస్తున్నది. విజయవాడలో చెరుకూరి సత్యనారాయణ తన కుమార్తె వోల్గా పేర నడిపిన శిక్షణాలయం తెలుగునాట ఈ క్రీడకు పునాది వేసింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది. ఆమె పోటీపడే కాంపౌండ్ విల్లుకు దూరం 50 మీటర్లు. ఒలింపిక్ రికర్వ్ విల్లుకు 70. ఈ గీతలు అందరికీ తెలిసేటట్టు అచ్చువేసినవి, అందరికీ ఒకటే అయినవి. వీటిని దాటినా దాటకపోయినా ఎవరికీ ఖైదు లేదు. నియమమంటేనే అణచివేత అనుకోవటం పొరపాటు. యుద్ధవిల్లు అభిమానులు బాణం బరువు ఇంతుండాలని తమలో తాము ఒప్పుకోవటం కూడా నియమమే. వేసేవాడికి అందులో మాట వుంది, ఇష్టం లేకపోతే తప్పుకునే వీలుంది. 1541 నాటి రైతుకు ఆ రెండూ లేవు. 1878 నాటి చెంచుకూ లేవు. అయితే ఈ సమాన నియమం కింద కూడా ఖరీదైన విల్లు కొనగలిగేదెవరన్న ప్రశ్న మిగిలే వుంది. నాసికర్ర కొందరికీ ‘యూ’ కర్ర కొందరికీ అన్న పాత చట్టాన్ని ఇప్పుడు అంగడి అమలుచేస్తున్నది.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. అజిన్‌కోర్ట్ గురించి చెప్పేటప్పుడు బాణం ఎంత దూరం పోయిందో తప్పక చెప్పండి. ఆ దూరం శాసించినవాడెవడో, ఆదివారం పోగొట్టుకున్నవాడెవడో, ఆ విల్లును తిరిగి లాక్కున్న సంవత్సరమేదో కూడా చెప్పండి. తరువాత విద్యార్థులను 1878 చట్టం నిర్వచనం తెరిచి చూడమనండి. అక్కడి నుంచి ఉప్పుటేటి ఒడ్డుకూ, నల్లమల గూడేనికీ పోయి, ఆ పెద్దల జ్ఞాపకంలో ఏమి మిగిలిందో వారి మాటల్లోనే రాసుకు రమ్మనండి. ఇంగ్లీషు విలుకాడి జరిమానా లెక్క పెన్నీలతో సహా నేటికీ దొరుకుతున్నది. మన యానాదీ మన చెంచూ కట్టిన జరిమానాల లెక్క రాయవలసింది మనమే.